తిప్పిన కార్డు

పోయిన వారం అక్షరాలక్కని మనం ఎక్కడ వదిలేశాం? బేకరీ వెనక గదిలో, తేదీల పెట్టె ముందు, ఆఖరి అరలో చెయ్యి పెట్టి బిగుసుకుపోయిన చోట. ఆ అర ఖాళీగా ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఎవరి కంటా పడకుండా ఆవిడ కాపలా కాసిన కార్డు అందులో లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళు కంగారు పడకండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఈ బేకరీలో ఓ పాత చెక్కపెట్టె ఉంది. అందులో ఏడాది మొత్తానికీ తేదీకో అర. వాడుకగా వచ్చేవాళ్ళ ఇళ్ళలో ఎవరు పుట్టినా, ఎవరి పెళ్ళైనా, ఎవరు ఉద్యోగం నుంచి దిగిపోయినా ఒక కార్డు మీద పేరు, చిరునామా, సందర్భం రాసి ఆ తేదీ అరలో వేస్తారు. ఏ రోజు కార్డులు ఆ రోజు పొద్దున్నే తీసి, ఎవరూ అడక్కుండానే కేకు చేసి ఉంచుతారు. కొత్త సంవత్సరం కేకులతో మొదలై, పరీక్ష పాసైన పిల్లల కేకులు, నెలాఖరు రిటైర్మెంటు కేకులు, పాతికేళ్ళ పెళ్ళిరోజులు, అలా డిసెంబరు చివరిదాకా ఆ చుట్టుపక్కల సంతోషమంతా ఆ పెట్టెలోంచే బయటికొస్తుంది. మరి మనిషి పోతే? కార్డు చింపరు. వెనక్కి తిప్పి ఆఖరి అరలో పెడతారు. బేకరీ పెట్టిన పెద్దాయన పద్ధతి అది. బతికున్న మనిషి కార్డు అక్కడ ఎన్నడూ తిప్పలేదని అందరి నమ్మకం. నిజానికి ఒక్కసారి తిప్పారు. తిప్పింది అక్షరాలక్కే.

పెద్దాయన పోయాక బేకరీ కొడుకు చేతికొచ్చింది, కొడుకు చేతిలోంచి కొత్త కోడలి చేతికొచ్చింది. కోడలు చురుకైన పిల్ల, చిక్కంతా అక్కడే వచ్చింది. పెట్టెలో కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలంది. ఆఖరి అరలోవి వెనక్కి తిరిగి ఉంటే, ఎవరో చూసుకోకుండా పెట్టారనుకుని శుభ్రంగా తిప్పి వాటినీ ఎక్కించింది. పైగా అందరి చిరునామాలకీ, "మీ ఇంట్లో పండగ, మా దగ్గర కేకు సిద్ధం, వచ్చి తీసుకెళ్ళండి" అని ఉత్తరాలు పంపింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళకి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్ళాయన్నమాట.

ఆ తిప్పిన కార్డు మీద ఉన్న తేదీ ఇవాళే.

పొద్దున ఏడింటికి కోడలు గోడకి తగిలించిన జాబితాలో ఏడు కేకులున్నాయి. అక్షరాలక్క కళ్ళజోడు సర్దుకుని చదువుకుంటూ వచ్చింది. ఆవిడ పని కేకుల మీద పేర్లు రాయడం. ఇరవై మూడేళ్ళ నుంచి అదే పని, ఎంత పొడుగు పేరైనా ముందు గాల్లో ఒకసారి రాసి చూసుకుని, ఆ తర్వాత క్రీము కోన్ పట్టుకుంటే ఒక్క అక్షరం కూడా అంచు దాటదు. అందుకే ఆ పేరు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. మొదటి మూడు కేకులూ మామూలువే. నాలుగో వరస దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

"పాప. పద్దెనిమిదో పుట్టినరోజు. అరకిలో. షాపు తరఫున కానుక."

పేరు లేదు. పేరు పెట్టకముందే అక్షరాలక్క కార్డు రాసింది కాబట్టి తల్లి పేరు, చిరునామా కింద "పాప" అని ఊరుకుంది. ఆ రోజు సంతోషం పట్టలేక, ఆసుపత్రి నుంచి నేరుగా బేకరీకి పరిగెత్తుకొచ్చి, నీళ్ళైనా తాగకుండా రాసిన కార్డు అది. అప్పటికింకా ఆవిడ మనసులో ఏ దురాలోచనా లేదు. ఆ ఒక్క మాట మాత్రం నేను ఆవిడ తరఫున చెప్తాను.

"ఏమ్మా, ఈ నాలుగోది కొట్టేసెయ్," అంది కోడలితో, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ.

"ఎందుకక్కా?"

"ఆ చిరునామాలో ఎవరూ ఉండరు. ఎప్పుడో వెళ్ళిపోయారు."

"అలాగైతే ఉత్తరం తిరిగి రావాలిగా? లేనివాళ్ళవి పదకొండు తిరిగొచ్చాయి. ఇది రాలేదు. అంటే అందినట్టే!"

అక్షరాలక్క బల్ల అంచు పట్టుకుంది.

"అదీగాక పద్దెనిమిదేళ్ళక్కా, ఊరికే వదిలేస్తామా?" కోడలు తన ధోరణిలో తను అంటూనే ఉంది. "మన గువ్వకి కూడా ఇంకో మూడు వారాల్లో పద్దెనిమిదే కదా. దానికైతే మూడంతస్తుల కేకంటూ నెల రోజుల నుంచి కాగితాల మీద గీస్తున్నావు. ఎవరి పిల్లైనా పిల్లేగా!"

గువ్వ అక్షరాలక్క కూతురు. ఒక్కతే కూతురు. పొద్దున లేచింది మొదలు వాగుతూనే ఉంటుంది, నిద్రలో కూడా ఎవరితోనో దెబ్బలాడుతూనే ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకి కాలేజీ నుంచి నేరుగా బేకరీకొచ్చి, ఎవరినీ అడక్కుండా క్రీము గిన్నెలో వేలు పెట్టి నాకుతుంది. ఆ పిల్లని చూసుకునే అక్షరాలక్క బతుకుతోంది. ఆ పిల్ల తనని "అమ్మా" అని పిలవని రోజంటూ వస్తే, ఆ రోజు తర్వాత తనేం చెయ్యాలో ఆవిడకి తెలీదు. ఇన్నాళ్ళూ తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

అక్షరాలక్క కేకు చేసింది. చెయ్యనంటే ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్నే ఆవిడకి వద్దు.

పదిన్నరకి టైపు మాస్టారు వచ్చారు. చేతిలో ఉత్తరం చూడగానే కోడలు ముఖం పాలిపోయింది. ఆయన భార్య పోయి ఆరేళ్ళైంది, వాళ్ళ నలభయ్యో పెళ్ళిరోజుకి శుభాకాంక్షలు చెప్తూ ఉత్తరం వెళ్ళింది.

"మాస్టారూ, క్షమించండి, నేనే, అవన్నీ పొరపాటున..." అంటూ కోడలు గబగబా ఎదురెళ్ళింది.

"తిట్టడానికే బయల్దేరానమ్మా," అన్నారాయన కుర్చీలో కూలబడుతూ. "దారిలో తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాను కూడా. నీ అదృష్టం, గుమ్మం ఎక్కేసరికి వెనీలా వాసన తగిలి ఒక్కటీ గుర్తు రావడం లేదు. ఏదీ, ఆ కేకేదో ఇచ్చెయ్."

కోడలు నవ్వాలో ఏడవాలో తెలీక లోపలికి పారిపోయింది. మాస్టారు అక్షరాలక్క బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. "ఇద్దరి పేర్లూ రాయి. ఆవిడ పేరు ముందు రాయి, లేకపోతే అలుగుతుంది," అన్నారు. రాస్తుంటే కాసేపు చూసి, మెల్లగా అన్నారు: "ఆవిడ పోయిన పన్నెండో రోజు నేనిక్కడికి వచ్చాను, గుర్తుందా? నా ఎదురుగానే కార్డు తిప్పావు నువ్వు. అప్పటిదాకా నాకు నమ్మకం కలగలేదు. డాక్టరు చెప్పినా నమ్మలేదు, కళ్ళారా చూసినా నమ్మలేదు. నువ్వు కార్డు తిప్పావు, ఇంక లేదనుకున్నాను. ఆ రాత్రే పడుకోగలిగాను."

అక్షరాలక్క తల ఎత్తలేదు. ఆయన మంచిగా అన్న మాటే ఆవిడకి కత్తి పెట్టి కోసినట్టుంది. ఎందుకంటే సరిగ్గా అలాగే, ఇదే బల్ల దగ్గర, ఇంకో మనిషి ఎదురుగా కూడా తను కార్డు తిప్పింది. ఆ మనిషీ నమ్మింది. ఏడవడానికి కూడా ఓపిక లేక తలూపి, చేతిలో గుడ్డసంచీతో సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ మనిషిని బేకరీలో అందరూ పిండిపిల్ల అనేవాళ్ళు. పిండి కలపడం పని. ఇరవై రెండేళ్ళది, వెనకా ముందూ ఎవరూ లేరు, సొంతూళ్ళో ఒక మేనత్త తప్ప. నమ్మించినవాడు మొహం చాటేశాడు, కడుపు మాత్రం మిగిలింది. నలుగురిలో తలెత్తుకోలేనని ఏడుస్తుంటే అక్షరాలక్కే చేరదీసింది, తన ఇంట్లోనే ఉంచుకుంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు అడ్డదిడ్డం ప్రశ్నలు రాకుండా తన పేరే రాయించింది. అదంతా మంచితనమే. కానీ అదే సమయంలో అక్షరాలక్క కడుపులో ఉన్న బిడ్డ అయిదో నెలలో పోయింది. అది మూడోసారి. భర్త ఓడల మీద ఇంజన్ పని చేస్తూ ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు, బిడ్డ పుడుతుందని ఉత్తరాల నిండా సంబరం రాస్తున్నాడు. ఆయనకి ఈ కబురు రాయడానికి ఆవిడకి చెయ్యాడలేదు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే, బయట కూడా ఎవరికీ చెప్పకుండా నెలలు గడిపేసింది.

పిండిపిల్లకి పాప పుట్టింది. పుట్టీ పుట్టగానే తల్లికి ఒళ్ళెరగని జ్వరం, పాపని అద్దాల పెట్టెలో పెట్టారు. రెండు వారాలు తల్లి కళ్ళు తెరవలేదు. ఆ రెండు వారాలూ పాప వేలు పట్టుకుని కూచున్నది అక్షరాలక్క. కాగితాల మీద తల్లి పేరు కూడా అక్షరాలక్కదే. తల్లి కళ్ళు తెరిచి మొదట అడిగిన మాటకి, నోటికి ఏం వచ్చిందో అదే చెప్పేసింది. "పోయిందే పిల్లా." అంతే. ఆ తర్వాత మూడు వారాల పాపని ఇంటికి తెచ్చుకుని, తెచ్చుకున్న రోజునే పుట్టినరోజు చేసేసింది. ఏటేటా ఆ తేదీకే కేకు, ఆ తేదీకే కొవ్వొత్తులు, ఆ తేదీకే ఫొటోలు. భర్త నాలుగు నెలల బిడ్డని ఎత్తుకుని, "ముక్కు నాదే" అని మురిసిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి బేకరీ ఖాళీగా ఉంది. ఓవెన్లు ఆపేశారు. ఎండకి వీధిలో కుక్క కూడా కదలడం లేదు. అయిదు కేకులు వెళ్ళిపోయాయి, ఇంకోదానికి సాయంత్రం వస్తారు. నాలుగోది అట్టపెట్టెలో, పైన ఏమీ రాయకుండా తెల్లగా ఉంది. ఎవరూ రారేమో అన్న ఆశ అక్షరాలక్కకి అప్పుడప్పుడే మొలుస్తోంది.

అద్దం తలుపు తెరుచుకుంది.

ముందు గది దాటి వెనక్కి వచ్చినావిడకి నలభై ఉంటాయి. నేత చీర, ముడి, కళ్ళజోడు. ముఖం చూసి అక్షరాలక్క ఆనవాలు పట్టలేకపోయేది కాబోలు, ఆ చేతులు చూడకపోతే. మోచేతి దాకా గట్టిపడిన చేతులు, వెడల్పాటి అరచేతులు. పిండి పిసికిన చేతులు ఎక్కడున్నా తెలిసిపోతాయి.

"బాగున్నారా అక్కా?" అందావిడ.

ఆవిడ చేతిలో ఉత్తరం చూసి కోడలు ముందుకొచ్చి, "ఉత్తరం అందిందాండీ? రండి రండి, అమ్మాయికి పద్దెనిమిదా?" అని నవ్వు ముఖం పెట్టింది.

"అందింది," అందావిడ. "అక్కతో ఒక్క మాట మాట్లాడి తీసుకుంటానమ్మా."

కోడలు ముందు గదిలోకి వెళ్ళింది. ఇద్దరే మిగిలారు, మధ్యలో బల్ల. పిండిపిల్ల ఉత్తరం బల్ల మీద పెట్టింది. నాలుగు మడతలు, మడతల దగ్గర నలిగిపోయింది.

"ఇది పొరపాటు పిల్లా," అంది అక్షరాలక్క తొందరగా. "కంప్యూటరు వచ్చింది కదా, తిప్పిన కార్డులు కూడా అందులో పడిపోయాయి. పొద్దున టైపు మాస్టారికీ ఇలాగే. నిన్ను బాధపెట్టాలని ఎవరూ..."

"పొరపాటే అయ్యుంటుంది లెండి." పిండిపిల్ల కుర్చీ లాక్కుని కూచుంది. "నేనిప్పుడు ఒక హాస్టల్లో వంట చూస్తున్నానక్కా. రెండొందల మంది పిల్లలు. ఎవరిదైనా పుట్టినరోజని చెవిన పడితే చాలు, ఆ పూట వాళ్ళకి ఏదో ఒకటి వేరేగా చేసి పెడతా. ఈ ఒక్క తారీఖున మాత్రం సెలవు పెడతా. ఎందుకని ఎవరూ అడగరు. అలవాటైపోయింది వాళ్ళకి."

"నీ బాధ నాకు తెలీదా పిల్లా."

"తెలుసు. అందుకే వచ్చా." కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "ఆ రోజు నాకు ఒంటి మీద స్పృహ లేదు. పాపని నేను చూడనేలేదు. మీరు చూశారు. ఇన్నేళ్ళూ మీ మాట మీదే బతికాను. ఈ ఉత్తరం రాగానే మళ్ళీ మనసు పీకడం మొదలెట్టింది. పిచ్చిదాన్ననుకోండి. ఒక్కసారి, ఇంకొక్కసారి నా కళ్ళలోకి చూసి చెప్పండక్కా. నా పాప పోయిందా?"

అక్షరాలక్క చూపు తిప్పేసుకుంది.

"గొడవ పెట్టుకోవడానికి రాలేదు," పిండిపిల్ల గొంతు ఇంకా తగ్గింది. "ఉందంటే చాలు. ఎక్కడో ఒకచోట చల్లగా ఉందంటే చాలు. తీసుకెళ్ళను. అడ్రసు కూడా అడగను. పెంచినవాళ్ళకి దణ్ణం పెట్టి, వచ్చిన దారినే పోతా. మీ బిడ్డ మీద ఒట్టు."

ఆ ఒట్టు ఏ బిడ్డ మీద పడిందో అక్షరాలక్కకి తెలుసు. కానీ, నిజం చెప్పాలంటే, అప్పుడే ఆవిడ గుండెలో ఏదో కరిగింది కూడా. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టుంది. ఇంతకంటే తేలిగ్గా ఎవరు అడుగుతారు? ఇంతకంటే తక్కువ ఎవరు కోరుకుంటారు? పద్దెనిమిదేళ్ళ బరువు, ఒక్క మాటతో దిగిపోతుంది. పిండిపిల్ల చెయ్యి పట్టుకుందామని బల్ల మీదుగా చెయ్యి చాచింది. "పిల్లా, నేను..." అని మొదలెట్టింది కూడా.

"అక్కా!" ముందు గదిలోంచి కోడలు కేకేసింది. "బావగారు ఫోను చేశారు. నీ ఫోను ఎత్తడం లేదట. రైలు టైముకే నడుస్తోందట, ఆరింటికల్లా ఇంట్లో ఉంటారట. గువ్వకి ఏదో పెద్ద పార్సెలు తెస్తున్నారు, దానికి చెప్పొద్దన్నారు!"

అక్షరాలక్క చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. కూతురి పద్దెనిమిదో పుట్టినరోజుకని నెల రోజుల సెలవు పెట్టుకుని వస్తున్నాడాయన. ముక్కు నాదేనని ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. ఆయన గుమ్మంలో నిలబడి, భుజాన సంచీతో, ఈ మాట వింటున్నట్టు ఆవిడ కళ్ళకి కట్టింది.

చాచిన చేతిని వెనక్కి తీసుకుంది.

"పోయింది పిల్లా," అంది. "నా చేతుల్లోనే పోయింది."

పిండిపిల్ల కళ్ళజోడు పెట్టుకుంది. "ఎలా ఉండేది?"

"నీలాగే. జుట్టు ఒత్తుగా ఉండేది."

"ఏడ్చిందా?"

"లేదు. నిద్రలోనే."

"ఎక్కడ పెట్టారు దాన్ని?"

"అదంతా ఆసుపత్రివాళ్ళే చూసుకున్నారు. నీకు చూపించే స్థితి కాదు." ఒకదాని వెనక ఒకటి మాటలు అలా జారిపోతూనే ఉన్నాయి. అక్షరాలక్కకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంత వివరంగా చెప్పగలనని ఆవిడకే తెలీదు.

పిండిపిల్ల లేచి, చీర సర్దుకుంది.

"సరే అక్కా. కేకు ఎలాగూ చేశారుగా. పట్టుకెళ్తా. పైన పద్దెనిమిది అని రాసివ్వండి, చాలు. అంకె వద్దు, అక్షరాల్లో రాయండి. మీ అక్షరాలు చూసి చాన్నాళ్ళైంది."

అక్షరాలక్క కోన్ పట్టుకుంది. కేకుని తిరిగే పళ్ళెం మీద పెట్టింది. ఎవరూ చెప్పకుండానే పిండిపిల్ల పళ్ళేన్ని రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది, అప్పట్లో రోజూ పట్టుకున్నట్టే. ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి. రెండో అక్షరం దగ్గర అక్షరాలక్క చెయ్యి వణికింది. క్రీము అంచు దాటి పక్కకి కారింది. ఇరవై మూడేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. గీకేసి మళ్ళీ రాసింది. రెండోసారీ వంకరే వచ్చింది.

"పర్లేదు, ఉంచెయ్యండి," అంది పిండిపిల్ల.

పెట్టె మూసి, దారం కట్టి ఇచ్చింది. పిండిపిల్ల దాన్ని రెండు చేతులా అందుకుని గది తలుపు దాకా వెళ్ళింది. అక్షరాలక్క ఊపిరి పీల్చుకుంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణాన ఆవిడకి కలిగింది సంతోషమే. గండం గడిచింది, ఇంక ఈ మనిషి జన్మలో రాదు అనుకుంది.

తలుపు మీద చెయ్యి వేసి పిండిపిల్ల వెనక్కి తిరిగింది.

"అబద్ధం చెప్తారని నేనన్నాను," అంది. "చెప్పదని తనంది."

"ఎవరు?"

"'మా అమ్మని ఎదురుగా నిలబెట్టి అడిగితే అబద్ధమాడదు, భయపడి దాచి ఉంటుంది గానీ అడిగితే చెప్పేస్తుంది' అని ఒకటే వాదన. దారి పొడుగునా అదే. నన్ను గట్టిగా అడగొద్దని కూడా చెప్పి పంపింది, మీరు కంగారు పడతారట." పిండిపిల్ల కేకు పెట్టెని రెండో చేతిలోకి మార్చుకుంది. "ఓటరు కార్డుకి పుట్టిన తేదీ కాగితం కావాలని మునిసిపాలిటీకి వెళ్ళిందట. తీరా చూస్తే తేదీ మూడు వారాల ముందుది. మిమ్మల్ని అడుగుదామనుకునేలోపు, సెలవుల్లో ఇక్కడ కార్డులు ఎక్కించడానికి సాయం కూచుంటే, అదే తేదీతో నా పేరు, మా మేనత్త చిరునామా కనబడ్డాయి. ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఆగలేక, పోయిన ఆదివారం మేనత్త ఇంట్లో అడిగి, తనే వెతుక్కుంటూ హాస్టలుకొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆ ముఖం చూశాక నేను ఏమీ అడగక్కర్లేకపోయింది."

ఆదివారం. స్నేహితురాలింట్లో చదువుకుంటానంది గువ్వ. దారిలో తినడానికి బన్నులు కూడా కట్టిచ్చింది అక్షరాలక్క.

"మీరు నిజం చెప్తే, ఇవాళ ముగ్గురం కలిసి ఈ కేకు కోద్దామంది," అంది పిండిపిల్ల. ముందు గది దాటి, అద్దం తలుపు తోసుకుని ఎండలోకి దిగింది.

తెరిచిన గది తలుపులోంచి, ముందు అద్దంలోంచి వీధి కనిపిస్తోంది. ఎదుటి టైలరు షాపు మెట్ల మీద గువ్వ కూచుని ఉంది, ఒళ్ళో కాలేజీ సంచీ. ఈవిడ రావడం చూసి గభాల్న లేచింది. ముఖమంతా ఆశే, పరీక్ష ఫలితాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా అక్షరాలక్క ఆ పిల్ల ముఖంలో అంత ఆశ చూడలేదు. పిండిపిల్ల రోడ్డు మధ్యలో ఆగి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

గువ్వ అక్కడే నిలబడిపోయింది. ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ వాళ్ళిద్దరి మధ్య నుంచి వెళ్ళింది. ఆ తర్వాత సంచీ పిండిపిల్ల చేతికిచ్చి, రోడ్డు దాటి బేకరీ వైపు నడిచింది.

"గువ్వా! ఏంటే ఇంత తొందరగా వచ్చేశావు?" అని కోడలు పలకరించింది. గువ్వ నేరుగా వెనక గదిలోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు. ఏడిస్తే అక్షరాలక్క ఏదో ఒకటి చేసి ఉండేది, దగ్గరికి తీసుకుని ఉండేది.

"అరిచి గొడవ చెయ్యను," అంది గువ్వ. "నాకు ఒక్కటి చెప్పు. నాన్నకి తెలుసా?"

తెలీదంటే, సాయంత్రం ఆరింటికి ఆ గుమ్మంలో ఏం జరుగుతుందో అక్షరాలక్కకి అర్థమైంది. పార్సెలు మోసుకుని వస్తున్న మనిషికి ఈ పిల్లే చెప్తుంది. చెప్పి ఊరుకోదు, సంచీ సర్దుకుంటుంది. ఆయన అక్షరాలక్కని ఇంక మనిషిగా చూడడు. ఒక్క రోజులో ఇద్దరూ పోతారు.

ఆయనే అలా చెయ్యమన్నారమ్మా.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. వెతుక్కోకుండా, తడుముకోకుండా, అప్పటికప్పుడు నిండు మాటగా తయారై వచ్చేసింది. అది ఎక్కడినుంచి వచ్చిందో చూసుకుంటే ఆవిడకి తన మీద తనకే భయం వేసింది.

గువ్వ రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

అక్షరాలక్క నోరు తెరిచింది.